చిల్లర డబ్బాలో రెండు బాణీలు

సాయంత్రం ఏడింటికి ఊళ్లో సగం ఇళ్లలో ఆమె సంగీతం మోగుతుంది. ఆ సంగతి ఆ ఇళ్లలో ఒక్కరికీ తెలియదు. సీరియల్లో ఎవరో తలుపు తోసుకుని లోపలికి వస్తారు, సోఫాలో కూర్చున్నావిడ తలెత్తి చూస్తుంది, వెనక నాలుగు వయొలిన్లు ఒక్కసారిగా ఊపిరి బిగబడతాయి. ఆ బిగబట్టడం ఎన్ని సెకన్లుండాలో తేల్చింది ఈవిడే. నాలుగున్నర. ఐదైతే చూసేవాళ్లకు నవ్వొస్తుంది. నాలుగైతే తలుపు గాలికి తెరుచుకుందనుకుంటారు.

ఇంట్లో అందరూ ఆమెను గడియారం అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న. ఆయన సినిమాలకు సంగీతం కడతాడు. ఆమెకు పదేళ్లప్పుడు చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, ఈ సీను ఎంతసేపుందో చూసి చెప్పమన్నాడు. నిమిషం పన్నెండు సెకన్లు అంది పిల్ల. కాదు, పదకొండే అన్నాడు ఎడిటర్. మళ్లీ వేసి చూస్తే పన్నెండే. ఎడిటర్ ముఖం మాడ్చుకున్నాడు, నాన్న పొంగిపోయాడు, ఆ రోజు నుంచి స్టాప్‌వాచ్ ఆమె మెడలోనే ఉండిపోయింది. ఇప్పుడామెకు నలభై రెండేళ్లు. పెళ్లయి రెండు వీధుల అవతల కాపురం పెట్టింది గానీ, పొద్దున ఎనిమిదయ్యేసరికి పుట్టింటి ముందుగదిలో ప్రత్యక్షం. ఎవరైనా అడిగితే మా ఆవిడ ఉద్యోగానికి వెళ్లిందని చెప్పాలో, పుట్టింటికి వెళ్లిందని చెప్పాలో ఆమె భర్తకు ఇప్పటికీ తేలలేదు.

ఆ ముందుగదే వాళ్ల పనిగది. వీధి చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టి ఉంటాయి. ఒక మూల నిలువు పియానో, దాని మూత మీద టీ కప్పులు పెట్టిన గుండ్రటి మచ్చలు. ఇంకో మూల తమ్ముడి కంప్యూటరూ కీబోర్డులూ, వాటి కింద చిక్కుపడిన వైర్లు. మధ్యలో టీవీ తెర ఎదురుగా ఈవిడ బల్ల. రికార్డింగ్ మొదలుపెట్టేముందు వంటింట్లో ఫ్రిజ్ ఆపేయాలి, లేకపోతే దాని గురక మైకులోకి వచ్చేస్తుంది. ఆపడం అందరికీ గుర్తుంటుంది. మళ్లీ వేయడం అమ్మకొక్కదానికే గుర్తుంటుంది. అమ్మ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. సంగీతం మీద ఆమె అభిప్రాయం ఒక్కటే: "మీ పాటల పుణ్యాన ఈ ఇంట్లో విరిగిన పాలతో స్విమ్మింగ్ పూల్ నింపొచ్చు."

తమ్ముడి పేరు తుఫాను. ఇదీ నాన్న పెట్టిందే. ఏ పాటైనా పది నిమిషాల్లో కట్టిపారేసి, మిగతా రోజంతా కుర్చీలో గిరగిరా తిరుగుతూ కూర్చుంటాడు. సినిమాల్లో గంతులేసే పాటలు వాడివి. నెమ్మదిగా గుండెలోకి దిగే పాటలు నాన్నవి. సీరియళ్లు, సీన్ల వెనక సంగీతం, వయొలిన్ల వాళ్లకూ ఫ్లూటు వాళ్లకూ ఎవరి భాగం వాళ్లకు కాగితాల మీద ఎత్తి రాసివ్వడం, ఇవన్నీ గడియారానివి. తెర మీద పడేది మాత్రం నాన్న పేరొక్కటే. పిల్లలకు దాని మీద పేచీ లేదు. నన్నడిగితే కొంచెం ఉండాల్సింది. కానీ నన్నెవరూ అడగలేదు, ఆవిడైతే అసలే అడగదు. తనది పాటలు పుట్టించే చేయి కాదని, పుట్టినవాటికి కొలతలు తీసే చేయి అని ఆమె ఎప్పుడో తీర్మానించేసుకుంది.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. కన్నవాళ్లు వాయించకూడదు. సోమవారం సోమవారం ముగ్గురూ తాము కట్టిన బాణీలు కాగితం మీద పెట్టుకుని కూర్చుంటారు. అక్క సీరియల్ బాణీని తమ్ముడు వాయించాలి, తమ్ముడిది అక్క వాయించాలి, నాన్నది ఇద్దరిలో ఎవరో ఒకరు. "సొంత బిడ్డని ఎత్తుకున్నవాడు వంకర ముక్కు కనపడకుండా ఎత్తుకుంటాడు. పరాయివాడు వాయిస్తేనే బాణీ బండారం బయటపడుతుంది," అంటాడు నాన్న. మొత్తం విన్నాక పెన్సిల్ తీసి నచ్చని చోట అడ్డంగా గీత కొడతాడు. నచ్చితే ఏమీ అనడు. ఆ ఇంట్లో మెప్పంటే అదే. అక్కాతమ్ముళ్లకూ అదే అబ్బింది. ఇరవై ఏళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నారు కదా, ఒకరి బాణీ గురించి ఒకరు "బాగుంది" అన్న పాపాన పోలేదు.

కిందటేడాది చివర్లో నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. గుండె కుదుటపడింది గానీ, ఇంటికొచ్చాక పాట రాలేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ఇక చాల్లే అనుకుంటే అనుకోవచ్చు. అనుకోలేదు. రోజూ పదింటికి పియానో మూత ఎత్తుతాడు, కూర్చుంటాడు, రెండు మీటలు నొక్కుతాడు, మూత దించేస్తాడు. గడియారం తన బల్ల దగ్గర నుంచే చూసేది. చూసేది ఏమిటి, అలవాటు చావక కొలిచేది. మొదటివారం పదకొండు నిమిషాలు కూర్చున్నాడు. రెండోవారం ఏడు. మూడోవారం రెండు. ఆ రెండు నిమిషాలు చూసిన రోజు ఆమెకు ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పటి కన్నా ఎక్కువ భయమేసింది.

సరిగ్గా అప్పుడే ఒక పాత దర్శకుడు ఫోన్ చేశాడు. నాన్నతో పాతికేళ్ల స్నేహం. కొత్త సినిమా చివర్లో ఒక్క పాట కావాలట. రైలు ఇంకా రాని స్టేషన్లో ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని పాడుకుంటుందట. "మాస్టారూ, మీరు తప్ప ఎవరూ చేయలేరు," అన్నాడట. నాన్న శుక్రవారం దాకా టైం అడిగాడు. ఫోన్ పెట్టేసి పిల్లలిద్దరినీ పిలిచాడు.

"శుక్రవారం పొద్దున ఫోన్ చేస్తానని చెప్పాను. ఈలోగా వచ్చిందా, సరే. రాలేదా, నావల్ల కాదని చెప్పేస్తా. అదే ఆఖరు. ఆ తర్వాత ఇంకెవరి దగ్గరా ఒప్పుకోను. ఈ పియానో ఏదైనా స్కూలుకి ఇచ్చేద్దాం. పిల్లలైనా వాయించుకుంటారు."

"అదేం మాట నాన్నా," అంది గడియారం.

"ఉన్న మాట," అన్నాడు నాన్న, కోపం కూడా లేకుండా. ముక్కు మీద కోపం ఉండే మనిషికి కోపం రాకపోవడం ఆమె అంతకు ముందెప్పుడూ చూడలేదు.

పియానో మీద ఒక బిస్కెట్ డబ్బా ఉంది. దాని పేరు చిల్లర డబ్బా. నాన్నకు ఎప్పుడు ఏ ముక్క తోచినా, చేతికందిన కాగితం వెనక గబగబా రాసి అందులో పడేస్తాడు. నలభై ఏళ్ల చిల్లర అది. సగం ఆయనకే గుర్తుండదు. బాణీ తట్టనప్పుడు డబ్బా బోర్లించి ఏరుకోవడం ఆయనకు అలవాటే. ఆపరేషన్ అయ్యాక మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం గడియారం ఇంటికెళ్లి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక చేయని పని చేసింది. నాన్నలాగా ఒక బాణీ కట్టింది. ఆయన బాణీలు ఎత్తి రాసీ రాసీ ఆమె చేతిరాత ఎప్పుడో ఆయన చేతిరాత అయిపోయింది, అందుకని అటు బెంగ లేదు. పాటే సతాయించింది. ఎక్కడ ఎక్కుతాడు, ఎక్కడ దిగుతాడు, ఎక్కడ వినేవాళ్లను నిలబెట్టి ఏడిపిస్తాడు, అన్నీ తెలుసు. మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద కుదిరిందనిపించుకుని, ఒక పాత కాగితం వెనక ఎక్కించి, పుట్టింటికొచ్చి, పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్లి డబ్బాలో అడుగున దూర్చింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అమ్మ.

"ఫ్రిజ్ వేశావా?" అంది అమ్మ.

"వేశాను," అంది, ఫ్రిజ్ ఊసే గుర్తులేకుండా.

అమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

బుధవారం పదింటికి నాన్న మూత ఎత్తబోతుంటే ఆమె మామూలుగా అన్నట్టు అంది. "నాన్నా, ఓసారి డబ్బా చూస్తే?"

"అవును నాన్నా! అదే చెబుదామనుకుంటున్నా!" అని తమ్ముడు కుర్చీ ఆపి మరీ లేచాడు. వాడు ఆమె మాటకు అంత వేగంగా ఒప్పుకోవడం ముప్పై తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. అప్పుడైనా అనుమానం రావాలి. సెకనులో పదో వంతు పట్టుకునే మనిషికి ఇది పట్టలేదు.

నాన్న విసుక్కుంటూనే డబ్బా బోర్లించాడు. ఏరాడు, పక్కన పెట్టాడు, ఏరాడు. ఒక కాగితం దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. ఇంకో కాగితం దగ్గర కూడా ఆగాడు. "ఇవెప్పుడు రాశానో నాకే గుర్తులేదు," అని మొదటిది తుఫానుకిచ్చాడు. "వాయించు."

అది ఆమె రాసింది. తుఫాను వాయించాడు. వాడి చేతుల కింద అది ఆమె భోజనాల బల్ల మీద పుట్టినదానిలా లేదు, నిజంగానే నాన్న పాటలా ఉంది. చివరి స్వరం ఆగాక వాడు తల తిప్పి, "అక్కా, చూశావా! నాన్నంటే ఇదీ! మూడో వరసలో అలా వదిలేయడం మన తరమా?" అన్నాడు.

నాన్న రెండో కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

వాయిస్తుంటే సగంలోనే ఆమెకు కళ్లు చెమర్చాయి. చిన్నప్పుడు పియానో కింద పడుకుని విన్న పాటలన్నీ అందులో ఉన్నాయి. పూర్తయ్యాక వెనక్కి తిరిగి, "ఇంత మంచిది డబ్బాలో పడేసి మమ్మల్ని ఇన్నాళ్లు ఏడిపించారా నాన్నా! దర్శకుడికి ఇదే ఇవ్వండి," అంది.

"కాదు కాదు, మొదటిదే," అన్నాడు తమ్ముడు, ముఖం కందగడ్డలా చేసుకుని.

"నీ మొహం. రెండోదాని ముందు మొదటిది ఎందుకు పనికొస్తుంది?"

"అక్కా, నీకు కొలవడం తప్ప వినడం రాదు. మొదటిదాంట్లో ప్రాణం ఉంది."

"రెండోదాంట్లో నాన్న ఉన్నాడ్రా!"

గుమ్మంలో టీ ట్రే పట్టుకున్న అమ్మ నవ్వు ఆపుకోలేక కప్పులు గలగలలాడించింది. నాన్న మాత్రం నవ్వలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి, నెమ్మదిగా పియానో దగ్గరికి వచ్చి, "తప్పుకో," అన్నాడు. ఆమె లేచింది. ఆయన కూర్చుని రెండు కాగితాలూ ముందు పెట్టుకుని, మొదటిది తనే వాయించాడు. ఆపరేషన్ తర్వాత ఒక బాణీని మొదటి నుంచి చివరిదాకా వాయించడం అదే మొదటిసారి. ఆ తర్వాత రెండోది.

ఆయన వాయిస్తున్నాడన్న సంతోషంలో ఆమెకు వెలగలేదు. తుఫానుకే ముందు వెలిగింది. కన్నవాళ్లు వాయించకూడదు. నాన్న రెండూ వాయించాడు. వాడు అక్క వైపు చూశాడు, అక్క వాడి వైపు చూసింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"నువ్వా?" అంది ఆమె.

"నువ్వూనా?" అన్నాడు వాడు.

"ఇద్దరూనూ," అంది అమ్మ ట్రే దించుతూ. "మంగళవారం, గంట తేడాలో. వాడు ముందొచ్చి పెట్టాడు, ఇది తర్వాతొచ్చి పెట్టింది. నేను లెక్కల టీచర్ని కదా, సంగీతం సంగతులు నన్నెవరడుగుతారు?"

నాన్న పెన్సిల్ తీశాడు. తమ్ముడి కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "ఒరేయ్, నా చేతిరాత దించేసి మరీ నేను కట్టిన ప్రతి పాటలోంచీ ఒక ముక్క తెచ్చి ఇందులో కుక్కావు. ఇది పాట కాదురా, నాకు సన్మానం. దండొక్కటే తక్కువ." ఆ తిట్టులో ఎంత ప్రేముందో గదిలో అందరికీ వినపడింది. తుఫాను తల దించుకుని నవ్వాడు.

తర్వాత ఆమె కాగితం. మొదటి వరస మీద అడ్డంగా గీత. "ఇది నేను." రెండో వరస మీద గీత. "ఇదీ నేనే. ఇలాంటివి నలభై కట్టాను, ఇంకోటి ఎందుకు?" మూడో వరస దగ్గర పెన్సిల్ ఆగింది. "ఇదెవరు?"

"అక్కడ కుదర్లేదు నాన్నా," అంది ఆమె గబగబా. "మీలా రాలేదు. ఎంత చేసినా రాలేదు. సరిచేసేస్తాను."

"నాలా ఎందుకు రాలేదో తెలుసా? నేను పాడేవాళ్లకి ఊపిరి తీసుకునే చోటు ఇవ్వను. పెద్ద పెద్ద గాయకులు నన్ను తిట్టుకుంటూ పాడారు. ఇక్కడ ఇంత చోటెందుకు వదిలావు?"

ఆమె ఉన్నదే చెప్పింది. "ఆ పిల్ల అక్కడ రైలొచ్చే వైపు చూస్తుంది కదా అనిపించింది. చూసే టైం ఇవ్వాలి కదా. సీరియల్లో వాళ్లు మాట్లాడేటప్పుడు మనం తప్పుకోవాలి నాన్నా, లేకపోతే మాట వినపడదు. తప్పుకుని తప్పుకుని అలవాటైపోయింది."

నాన్న పెన్సిల్ పక్కన పెట్టాడు. "ఇరవై ఏళ్లుగా నిన్ను నా కాగితాలు ఎత్తి రాయడానికి కూర్చోబెట్టాను. బుద్ధి లేదు నాకు," అన్నాడు. కాగితం ఆమెకిచ్చాడు. "ఈ మూడో వరస నుంచి మొదలుపెట్టు. మిగతాదంతా పారేయి. నాలా చేయకు."

"నేనా? మీరు చేయండి నాన్నా, నేను పక్కనుంటాను."

"నాకు రావడం లేదమ్మా," అన్నాడు నాన్న. ఇన్ని రోజుల్లో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. అన్నాక, బరువు దించుకున్న మనిషిలా టీ కప్పు అందుకున్నాడు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

గురువారమంతా ఆమె పియానో దగ్గరే ఉంది. ఆమె పని తుఫాను చేశాడు. ఆ రోజు సీరియల్లో తలుపు తెరుచుకున్నప్పుడు వయొలిన్లు ఆరు సెకన్లు ఊపిరి బిగబట్టాయి, వాటికేమైనా అయిందేమోనని ఎడిటర్ ఫోన్ చేసి మరీ అడిగాడు. ఆమె పట్టించుకోలేదు. నాన్నలా కట్టాలంటే అన్నీ తెలుసు. తనలా కట్టాలంటే ఏమీ తెలియదు. ఎక్కడ తప్పుకోవాలో ఒక్కటే తెలుసు, దాన్నే పట్టుకుని వెళ్లింది. ఎక్కడికక్కడ ఆ స్టేషన్లో పిల్లకు దారి వదులుతూ వెళ్లింది. అమ్మ రెండుసార్లు అన్నం తినమని పిలిచి, మూడోసారి పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. సాయంత్రం తమ్ముడు వాయించాడు. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. పెన్సిల్ చేతిలోనే ఉంది. గీత కొట్టలేదు, ఏమీ అనలేదు, లేచి పడుకోవడానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ ముందు కూర్చుంటే ముగ్గురూ చుట్టూ చేరారు. పాట నాన్న పేరు మీదే వెళ్తుందని ఆమె అనుకుంది. ఎప్పుడూ వెళ్లేది అలాగే. వెళ్తే ఆమెకు బాధ లేదు, సంతోషమే. నావల్ల కాదు అనే మాట మాత్రం ఆయన నోట రాకూడదు, పియానో ఈ గది దాటకూడదు, అంతే.

"నేనే," అన్నాడు నాన్న ఫోన్లో. "లేదయ్యా. నా దగ్గర లేదు. నావల్ల కాలేదు."

ఆమె పియానో వైపు చూసింది. అవతలివాడు ఏదో అంటున్నాడు. నాన్న అడ్డొచ్చాడు.

"మొత్తం వినవయ్యా. నా దగ్గర లేదన్నాను. మా ఇంట్లో లేదనలేదు. మా అమ్మాయి కట్టింది. ఆఁ, గడియారమే. నేను దిద్దలేదు, దిద్దడానికి నాకేం కనపడలేదు. విను. విన్నాక నాతో మాట్లాడకు, దానితో మాట్లాడు. నచ్చకపోయినా దానికే చెప్పు."

తుఫాను అప్పటికే పియానో ముందు కూర్చున్నాడు. నాన్న ఫోన్ పట్టుకున్న చేతిని పియానో వైపు చాచాడు. ఆపరేషన్ అయిన మనిషి, చేయి అప్పుడే వాలుతోంది. తమ్ముడు మొదలుపెట్టాడు. మొదటి వరస దాటేసరికి చేయి ఇంకాస్త వాలింది. ఫోన్ ఇటివ్వండి అని ఆమె సైగ చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆయన మోచేయి కింద తన అరచేయి పెట్టి, పాట అయ్యేదాకా మోసింది.

పాట ఆగింది. నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకోలేదు. ఆమె చేతిలో పెట్టి, భుజం మీద ఒక్కసారి తట్టి, అమ్మ వెనకే వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఆమె ఫోన్ చెవికి ఆనించింది.

"మాస్టారూ," అన్నాడు దర్శకుడు, పాతికేళ్ల అలవాటు కొద్దీ. "ఆ మధ్యలో ఆగారే, అక్కడ..."

ఆమె వంటింటి వైపు ఒకసారి చూసింది.

"మాస్టారు టీ తాగుతున్నారండీ. పాట కట్టింది నేను. అక్కడేంటో నాకు చెప్పండి."